హాస్టలు వదలి అద్దె గదికి

(సంఘ వార్షిక సభలో విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీలో సీటు తెచ్చుకున్న మన పిల్లలకు ఇప్పుడే దండలు వేశాము. వారి మార్కులు చదివి చప్పట్లు కొట్టాము. ఆ సంతోషానికి తరువాయి ఒకటి వున్నది. సీటు వచ్చిన పిల్లవాడు మొదటి ఏడు హాస్టల్లో వుంటాడు. రెండవ ఏడు ఎక్కడ పడుకుంటాడు? ఏమి తింటాడు? వినడానికి చిన్న ప్రశ్నలే. మధ్యలో చదువు ఆపుకుని వచ్చిన పిల్లల ఇండ్లకు వెళ్ళి అడగండి, అవి ఎంత పెద్ద ప్రశ్నలో వారు చెబుతారు.

సాధారణంగా జరిగేది ఇది. మొదటి సంవత్సరం పిల్లలకు హాస్టల్లో చోటు ఇస్తారు. తరువాత కొత్త బ్యాచి వస్తుంది, మంచాలు మాత్రం అన్నే వుంటవి. కొన్నిచోట్ల మెస్సు బిల్లు భరించలేక పిల్లవాడే బయటకు వస్తాడు. కొన్నిచోట్ల ఇంకా నయం, “సార్, బయట గది తీసుకుంటే సగంలో అయిపోతుంది” అని సీనియర్లు చెబుతారు. అలా ముగ్గురో నలుగురో కలిసి ఒక గది, దానికి ఒక వంట అరుగు, మేడ మీద ఉమ్మడి బాత్రూము చూసుకుని చేరిపోతారు. ఇంట్లో మాత్రం “రూము తీసుకున్నాం అమ్మీ, బాగుంది” అని ఫోనులో ఒక ముక్క చెబుతారు. అబ్బా కూడ “ఎంత?” అని అడుగుతారు గాని, “ఎవరి పేరు మీద?” అని అడగరు.

చదువుకు, పడక చోటుకు వున్న సంబంధం మన పూర్వులకు బాగా తెలుసు. తెలుగుదేశంలో బీద బ్రాహ్మణ విద్యార్థులు వారాలు చేసుకుని, రోజుకొక ఇంట భోజనం చేసి చదువుకున్నారు. హైదరాబాదులో కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలు పెట్టించారు, పల్లెల పిల్లలు నగరంలో నిలబడి చదువుకోవడానికని. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినదీ ఆ ఏడే. అంతకు చాలా ముందే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869-70లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు. పిల్లలు ఒకచోట కలిసి వుండి, కలిసి తిని చదివే పద్ధతి ఆయన మనస్సున పట్టింది. 1875లో అలీగఢ్‌లో మొదలుపెట్టిన విద్యాలయానికి వసతి గృహాన్ని ప్రాణంగా చేశారు. ఏ జాతి అయినా చదువులో పైకి వచ్చిందంటే దాని వెనుక ఎక్కడో ఒక వంటశాల, నాలుగు చాపలు వుండి తీరుతవి.

మన ప్రాంతం సంగతి చూద్దాము. ఇది కృష్ణా జిల్లా మెట్ట. 2022 ఏప్రిల్ నుండి మన జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఎన్.టి.ఆర్. జిల్లాలో వున్నవి. హైవే మీద వున్నాము గాన మన పిల్లలకు రెండు దారులు. నందిగామ నుండి బస్సెక్కితే కంచికచర్ల, ఇబ్రహీంపట్నం దాటి బెజవాడ. చిల్లకల్లు దగ్గర అటు ఎక్కితే గరికపాడు దాటి కోదాడ మీదుగా హైదరాబాదు. ఒకప్పుడు గరికపాడు అవతల నైజాం, ఇవతల కంపెనీ దొరల రాజ్యం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలోనే మొదలై 1930లో వాల్తేరుకు వెళ్ళిపోయింది. 1976లో గుంటూరు ప్రక్కన నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత మనకు కొంత దగ్గరైనది. అయినా మనవాళ్ళకు హైదరాబాదు మీద మనసు ఎక్కువ. బంధువులున్నారు, భాష వున్నది, తరువాత ఉద్యోగమూ అక్కడే అని.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పైచదువుల ప్రవేశాలు పదేళ్ళపాటు పాత పద్ధతిలోనే వుండాలని విభజన చట్టం 95వ సెక్షనులో వ్రాశారు. ఆ పదేళ్ళు 2024 జూన్‌తో తీరినవి. ఇప్పుడు పాలేరు దాటితే మనవాడు పరాయి రాష్ట్రం విద్యార్థి. 1974 నాటి హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998 నాటి మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటివి కేంద్రానివి గాన వాటి మాట వేరు. తక్కినచోట్ల సీటే కష్టమైనప్పుడు హాస్టలు మంచం సంగతి చెప్పనక్కర లేదు. అందుచేత యీ అద్దె గది అన్నది మన పిల్లలలో చాలామందికి రాసిపెట్టి వున్న మజిలీ అనుకోవాలి.

సరే, గది వెతకాలి. ఇక్కడ అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని మాట ఒకటి అంటాము. ఇల్లు నచ్చుతుంది, అద్దె కుదురుతుంది, నీళ్ళ సంగతి అవుతుంది. చివరకు “పేరేమిటి బాబూ?” అంటారు. పేరు చెప్పిన తరువాత “మావారితో మాట్లాడి చెబుతాం” అంటారు. ఆ చెప్పడం ఎన్నటికీ రాదు. కొందరు ముఖం మీదనే “నాన్‌వెజ్ వండుతారు గదా” అంటారు, మాంసం తినేవారు ఊరు మొత్తం మీద మనమే అయినట్లు. పిల్లవాడి మనసు చివుక్కుమంటుంది. నాలుగిండ్లలో ఇలా అయ్యేసరికి కొందరు పిల్లలు స్నేహితుడి పేరు ముందు పెట్టి, తాము వెనుక చేరే ఉపాయం పన్నుతున్నారు. ఇంకొందరు పేరే మార్చి చెబుతున్నారు.

అది వద్దు. ఫోను చేసినప్పుడే, ఇల్లు చూడకముందే, పూర్తి పేరు చెప్పండి. కుదరదనేవారు అక్కడే అంటారు. మీ బస్సు ఛార్జీ మిగులుతుంది, ఎండలో తిరుగుడు మిగులుతుంది. దొంగపేరుతో చేరిన గదిలో నమాజుకు నిలబడాలన్నా, అమ్మీ వచ్చి తలుపు తట్టాలన్నా గుండె దడే. ఇంటివాళ్ళందరూ ఒక్కతీరు కారు. బెజవాడలోను, గుంటూరులోను మన పిల్లలను ఏళ్ళ తరబడి ఇంట్లో పిల్లల్లా చూసుకున్న హిందూ, క్రైస్తవ కుటుంబాలున్నవి. పిల్లవాడికి జ్వరం వస్తే గంజి కాచి పంపిన తల్లులున్నారు. ఆ ఇండ్లు ఎక్కడున్నాయో తెలియడమే ముఖ్యం. (ఇంకొక మాట కూడ అనక తప్పదు. గదులు అద్దెకిచ్చే మనవారిలోనూ ఫలానా కులం పిల్లలైతే ఇవ్వమనేవారు లేకపోలేదు. బెజవాడ ఇంటాయనను తిట్టేటప్పుడు వారు కొంచెం మెల్లగా తిడితే బాగుంటుంది.)

మన పేటల్లోనే, వన్‌టౌన్‌లోనో, వించిపేటలోనో వుంటే యీ బాధ లేదు గదా అని కొందరంటారు. నిజమే, మసీదు దగ్గర, తిండి దగ్గర. కాని కాలేజి కానూరులోనో, ఇంకా అవతలో వుంటే రోజూ బస్సులో పోయే సమయం ఎవరిస్తారు? మొదట కాలేజీకి దగ్గర చూడండి. అక్కడ దొరకనప్పుడే పేట సంగతి.

కాగితం విషయం త్వరగా చెప్పి ముగిస్తాము, ఎందుకంటే ఇందులో పెద్ద రహస్యాలు లేవు. పదకొండు నెలల అగ్రిమెంటు అని అందరూ అంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ఏడాదికి మించిన కౌలు పత్రం రిజిస్టరు చేయించాలన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠంలోని మాట. ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా ఒక నెల తగ్గిస్తారు, అంతే. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, నెలవారీ అద్దెకు వున్నవారిని ఖాళీ చేయించాలన్నా, వారు ఖాళీ చేయాలన్నా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో వున్నది. అదే చట్టంలో ఇంకొక మంచి మాట కూడ వున్నది. ఇల్లు ఇచ్చినప్పుడు ఎలా వుందో అలాగే తిరిగి అప్పగించాలి గాని, మామూలు వాడకం వలన వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. కాబట్టి సున్నం మాసిందని అడ్వాన్సులో కోత పెడితే వినయంగా ఆ మాట గుర్తు చేయవచ్చు. చేరిన రోజున గోడలు, కుళాయిలు, ఫ్యాను, కిటికీ రెక్కలు ఫోనులో ఫొటో తీసి ఇంటివారికే పంపండి. విడిచేనాడు వాదన వుండదు. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం చేసింది గాని, అది నమూనా మాత్రమే. రాష్ట్రం తెచ్చుకుంటేనే అమలు. బెంగుళూరులో పది నెలలది అడిగే ఆచారం వుండేది. ఆధారు నకలు అడిగితే ఇవ్వండి, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే నకలు ఇవ్వవచ్చు.

అసలు చిక్కు ఇంటివాడితో కాదు, తోటివాడితో. అగ్రిమెంటు ఒక్కడి పేరున వుంటుంది. నలుగురు వుంటారు. సంక్రాంతికి వెళ్ళినవాడు తిరిగి రాడు. ఇంకొకడికి వేరే గదిలో స్నేహం కుదురుతుంది. పేరున్నవాడి నెత్తిన మొత్తం అద్దె పడుతుంది. ఆ పేరున్నవాడు సామాన్యంగా మెతకవాడే అయివుంటాడు. అందుచేత నలుగురూ తమలో తాము ఇంకొక కాగితం వ్రాసుకోవాలి. ఎవరి వాటా ఎంత, అడ్వాన్సులో ఎవరెంత పెట్టారు, మధ్యలో పోయేవాడు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, తన చోటికి మనిషిని తెచ్చే పూచీ ఎవరిది అని. స్నేహితుల మధ్య కాగితమేమిటి అంటారా? అప్పు వ్రాసి పెట్టుకోమని బఖరా అధ్యాయంలోనే వున్నది, స్నేహితులకు మినహాయింపు అని అక్కడ లేదు.

ఇక తిండి. మా అభిప్రాయంలో గదులు విరిగేది అద్దె దగ్గర కాదు, గిన్నెల దగ్గర. మొదటి పదిహేను రోజులు బ్రహ్మాండం. ఊరి నుండి బియ్యం బస్తా, మన కారం, మామిడికాయ పచ్చడి జాడీ, కందిపప్పు వస్తవి. ముగ్గురూ కలిసి వండుతారు. ఫొటోలు తీస్తారు. పదహారవ రోజున తొట్టిలో గిన్నెలు అలాగే వుంటవి. “నిన్న నేను కడిగాను” “కడిగింది గ్లాసులే గదా”. ఇక అక్కడి నుండి కర్రీ పాయింటు. ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం పడేయడం, వీధి చివర కర్రీ పాయింటులో రెండు పొట్లాలు తెచ్చుకోవడం. కర్రీ పాయింటును మేము తప్పుపట్టము. చదువుకునే పిల్లలను, ఒంటరి ఉద్యోగులను అది ఎంతో ఆదుకున్నది. కాని మూడు పూటలా అదే అయితే కడుపుకూ మంచిది కాదు, ఖర్చూ హాస్టలు మెస్సును దాటిపోతుంది. గది తీసుకున్న లాభమే పోయింది.

తల్లులారా, ఇది మీకు. అన్నం, పప్పు, చారు, కోడిగుడ్డు పొరటు. ఈ నాలుగు నేర్పి పంపండి. “మగపిల్లవాడికి వంటేమిటి” అనే తల్లి కొడుకే ప్రక్కవాడికి బరువవుతాడు. వండినవాడు కడగకూడదు, కడిగినవాడు ఆ పూట వండకూడదు, కూరగాయలు తెచ్చేవాడు మూడవవాడు. ఈ నియమం పెట్టుకున్న గదులు నిలిచినవి మేము చూశాము. ఖర్చు ఒక నోటుబుక్కులో వ్రాసి మేకుకు తగిలించండి. ఫోనులో వేసుకుంటామంటే అలాగే వేసుకోండి, కాని ఆదివారం అందరూ కూర్చుని పైకి చదవండి. వ్రాసి దాచిన లెక్క లెక్క కాదు.

గదిలో వేరే మతం స్నేహితులుంటే, వుంటే మంచిదే, చేరకముందే రెండు సంగతులు మాట్లాడుకోవాలి. మాంసం వండే గిన్నె వేరు పెట్టండి, అది మీరే కడగండి. మాంసం మీరు నమ్మిన దుకాణంలో మీరే తెండి, అందులో వారికేమీ అభ్యంతరం వుండదు. రంజాను నెలలో సెహ్రీకి మూడున్నరకో నాలుగింటికో లేస్తారు. ప్రక్కవాడికి తెల్లవారి పరీక్ష వుంటుంది. అలారము దిండు క్రింద పెట్టుకుని, రాత్రే వండి మూతపెట్టి, వంట అరుగు దగ్గర చిన్న దీపం వేసుకుని తినండి. అలాగే వారు అయ్యప్ప మాల వేసుకుంటే ఆ నలభైఒక్క రోజులు గదిలో మాంసం మానేయడం మీకు పెద్ద కష్టం కాదు. ఇవి చేరినరోజున అడిగితే అయిదు నిమిషాల మాట. తరువాత అడిగితే తగాదా.

గ్యాసు విషయంలో జాగ్రత్త. పెద్ద సిలిండరులోనుండి చిన్నదానిలోకి రోడ్డు ప్రక్కన నింపి ఇచ్చేవారున్నారు. అది ప్రాణాంతకం, చట్టవిరుద్ధం కూడ. అయిదు కిలోల సిలిండరు కంపెనీలే అమ్ముతున్నవి, చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీద ఇస్తారు. పడుకునే గది, వంట గది ఒకటే అయితే కిటికీ వుండి తీరాలి. వాసన వస్తే 1906కు ఫోను చేయండి. కరెంటుకు వేరే మీటరు వుందో లేదో అడగండి. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే పద్ధతి గాన, ఇంటివారి మీటరుతో కలిసి వుంటే మీ రెండు లైట్లకు వారి ఏసీ రేటు పడవచ్చు.

అద్దె తక్కువని నేలగది తీసుకునేవారు 2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తు చేసుకోవాలి. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇండ్లు రోజుల తరబడి నీళ్ళలో వున్నవి. దానికి ముందు 2023 జూలైలో మన మున్నేరే ఐతవరం దగ్గర హైవే మీదకు వచ్చి బస్సులు ఆగిపోయినవి, 2024లో మళ్ళీ అలాగే అయినది. నీళ్ళు వచ్చినప్పుడు పిల్లవాడు ఇంటికి రాలేడు, మీరు వెళ్ళలేరు. కాబట్టి సర్టిఫికెట్లు గదిలో మంచం క్రింద పెట్టెలో వుంచవద్దు. అసలువి ఊళ్ళో ఇంట్లో వుండాలి, నకళ్ళు డిజిలాకరులో వుండాలి. మేడ మీద గదికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి.

ఇప్పుడు మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మన ఆడపిల్లల సంగతి.

మగపిల్లవాడికి గది దొరక్కపోతే ఇంకొక గది వెతుకుతాము. ఆడపిల్లకు దొరక్కపోతే సంబంధం వెతుకుతున్నాము. ఆమె మార్కులలో లోపం లేదు, ఫీజులో లోపం లేదు. రెండవ సంవత్సరం హాస్టల్లో మంచం లేదు, అంతే. మొదటి సంవత్సరం వచ్చి రెండవ సంవత్సరం ఇంట్లో కూర్చున్న పిల్లలు యీ సభలోనే, అటుప్రక్కనే వున్నారు. తండ్రుల భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. ఊరు కాని ఊరు, గది తాళం ఎలాంటిదో తెలియదు. కాని భయానికి మందు పిల్లను వెనక్కు తేవడం ఒక్కటేనా?

అలీగఢ్‌లో షేక్ అబ్దుల్లా, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం 1906లో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఎక్కడెక్కడివారో పిల్లలను పంపాలంటే వసతి కావాలి గదా. 1914లో హాస్టలు తెరిచారు. పిల్లలను పంపడానికి తల్లిదండ్రులు జంకితే, బేగంగారు ఆ పిల్లలను తన కన్నబిడ్డల్లా కనిపెట్టుకుని చూశారు. నూరేళ్ళు దాటిన యీ మాటలో మనకు పనికివచ్చేది ఒకటున్నది. తల్లిదండ్రులు భవనాన్ని చూసి పంపలేదు, ఆ ఇంట్లో వున్న మనిషిని చూసి పంపారు.

మన పల్లెల్లో యీ పద్ధతి క్రొత్తది కాదు. మనుమల చదువు కోసం నానమ్మో అమ్మమ్మో టౌనులో కాపురం పెట్టడం తెలుగు ఇండ్లలో అందరూ చేస్తున్నదే. నలుగురు ఆడపిల్లలు, ఒక నానీ. కాలేజీకి దగ్గరగా రెండు గదుల ఇల్లు, అద్దె నాలుగు వాటాలు. నానీ భోజనం నలుగురిదీ. ఒకే నానీ ఏడాదంతా వుండలేకపోతే నాలుగు ఇండ్ల పెద్దవారు మూడేసి నెలలు వంతు వేసుకోవచ్చు. నానీలను సంరక్షకులుగా పంపుతూ వాళ్ళ నెత్తిన వంటపని మొత్తం వేయకండి. పిల్లలు గిన్నెలు కడగాలి. ఇది కుదరని చోట ప్రైవేటు లేడీస్ హాస్టలే గతి. అప్పుడు తల్లి స్వయంగా వెళ్ళాలి. పగలు కాదు, చీకటిపడ్డాక వెళ్ళాలి. వీధిలో దీపాలున్నవా, మెట్లు ఎన్ని వైపుల వున్నవి, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర వుంటుంది, మంట లేస్తే పిల్లలు ఎటు దిగాలి, ఇవి చూడాలి. గోడల రంగు తరువాత. ఆపదలో 112, స్త్రీల సహాయానికి 181 నంబర్లు పిల్ల ఫోనులో వుండాలి.

ఇంగ్లండుకు యం.యస్. అని వెళ్ళేవారికి ఒక్క మాట. అక్కడ మొదట కొన్ని నెలలు యూనివర్సిటీ వసతిలో వుండి, తరువాత నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకోవడం మామూలు. ఇంటివాడు తీసుకున్న డిపాజిటును ముప్పయి రోజుల లోపల ప్రభుత్వం ఒప్పుకున్న పథకంలో వేయాలని అక్కడ నియమం వున్నది. అయిదు వారాల అద్దెకు మించి సామాన్యంగా అడగరాదని 2019లో చట్టం చేశారు. కాని అందరూ కలిసి ఒకే పత్రం మీద సంతకం చేస్తే ఒకడు ఎగవేసిన అద్దె తక్కినవారి మీద పడుతుంది. ఆ విషయంలో లండనూ బెజవాడా ఒకటే.

మన సంఘం తరఫున మూడు పనులు తలపెట్టాము. ఒకటి, ఒక రిజిస్టరు. బెజవాడ, గుంటూరు, హైదరాబాదులలో మన పిల్లలు వుండి వచ్చిన ఇండ్ల వివరాలు, వీధి, అద్దె, కాలేజీకి ఎంత దూరం, అడ్వాన్సు తిరిగి ఇచ్చారా లేదా అన్నవి అందులో వుంటవి. గది ఖాళీ చేసే ప్రతి విద్యార్థి వచ్చి నాలుగు వాక్యాలు వ్రాయాలి. ఇంటివారి అనుమతి లేనిదే వారి ఫోను నంబరు ఎవరికీ ఇవ్వము. రెండు, అడ్వాన్సు కొరకు కర్జె హసనా. వడ్డీ లేదు. ఇంటివాడు తిరిగి ఇచ్చిన రోజున సంఘానికి తిరిగి ఇవ్వాలి, అదే డబ్బు మరుసటి పిల్లవాడికి వెళుతుంది. ఒక్కరు ఆపుకుంటే ఇంకొకరి గది ఆగుతుంది గాన, తండ్రి సంతకం కూడ తీసుకుంటాము. ఇందులో సగం ఆడపిల్లలకు ప్రత్యేకించి వుంచుతున్నాము. మూడు, నానీల జాబితా. పిల్లలతో వుండడానికి ఒప్పుకునే పెద్దమ్మలు పేర్లు ఇవ్వాలి. వారి రానుపోను ఛార్జీ సంఘమే పెట్టుకుంటుంది.

ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద వున్నవి. కాలేజీలు తెరిచేముందే గదులు అయిపోతవి గాన, నింపి ఈ వారంలోపల ఇవ్వండి. ఆడపిల్లల ఇండ్లవారు ముందు రండి. సభ అయిన తరువాత లోపలి గదిలో మన సంఘ మహిళా సభ్యులు కూర్చుంటారు, తండ్రులు కూడ అక్కడికే వచ్చి మాట్లాడవచ్చు. ఈ సంవత్సరం చదువు ఆపి ఇంట్లో వున్న పిల్లలుంటే వారిని వెంట తీసుకు రండి. కాలేజీలో మళ్ళీ చేర్చుకునే గడువు దాటకముందే వారి దరఖాస్తు అక్కడికక్కడే వ్రాయించి పంపుతాము.